నడక సంచులు

నాలుగు రోజులు సముద్రంలో కొట్టుకుపోయి బతికొచ్చిన అన్నదమ్ములు, ఒడ్డున కాలు పెట్టిన పావుగంటకే ఒకరినొకరు చంపుకోబోయారు.

ఇది రెండేళ్ల కిందటి మాట. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగు జాలర్లు అప్పలకొండ, అతని తమ్ముడు కన్నబాబు ఒకే డింగీలో, చిన్న ఇంజను పడవలో, వేటకు వెళ్లేవారు. ఆ రోజు ఇంజను ఆగిపోయింది, గాలి వాళ్లను తూర్పుకు లాక్కుపోయింది. నాలుగో రోజు ఒక సరుకుల ఓడ చూసి ఎక్కించుకుంది. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద జనం మంచినీళ్లు పట్టుకుని నిలబడి ఉండగా, కన్నబాబు మెట్లు దిగి, ముందు దిగిన అన్న దగ్గరకు తూలుతూ వెళ్లి, నెత్తితో అతని ముఖం మీద గుద్దాడు. అప్పలకొండ ముక్కు పగిలింది. కారుతున్న నెత్తుటితోనే అతను తమ్ముడి చెవి అందుకుని కొరికాడు. గ్లాసు పట్టుకునే శక్తి లేని ఆ ఇద్దరినీ విడదీయడానికి ఆరుగురు కావలసి వచ్చారు. కన్నబాబు ఎడమ చెవి కొస జెట్టీ మీదే ఉండిపోయింది.

సముద్రంలో ఏం జరిగిందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

వాళ్ల భార్యలు సొంత అక్కచెల్లెళ్లు. కనకలక్ష్మి అప్పలకొండ భార్య, ప్రమోద కన్నబాబు భార్య. మొగుళ్ల ఆచూకీ తెలియని మూడో రోజున ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకుని సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నారు. ఇద్దరినీ ప్రాణాలతో ఒడ్డుకు చేరిస్తే, అమ్మమ్మగారి ఊరు బారువ నుంచి సింహాచలం కొండ దాకా ఇద్దరం కలిసి నడిచొస్తాం అని. రెండువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ.

అప్పన్న తన మాట నిలబెట్టుకున్నాడు. వీళ్లదే మిగిలిపోయింది. పడవ అన్నకు ఉండిపోయింది. పోర్ట్ బ్లెయిర్ చాతంలో అన్న ఇంటికి తెడ్డు అందేంత దూరంలో ఉన్న ఇల్లు వదిలి కన్నబాబు ఊరి అవతల ప్రోతరాపూర్‌లో అద్దెకు దిగాడు, తల్లి పార్వతమ్మను తనతో తీసుకుపోయాడు, ఇంకొకరి పడవలో కూలికి వెళ్లసాగాడు. ఆ ఇంటి మనిషితో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానని ప్రమోదతో చెప్పాడు. అప్పలకొండ అంత మాట అనలేదు. మరదలి పేరు వినబడితే ముందున్న కంచం గోడకు కొట్టేవాడు.

మిడిల్ పాయింట్‌లో ఒక టైలరింగ్ షాపులో ప్రమోద మిషను కుట్టేది. కనకలక్ష్మి ఉదయం ఆ షాపున్న సందు మొదట్లోనే చేపలు అమ్మేది. గంప ఖాళీ అయ్యాక షాపు వెనక గదిలోకి వచ్చేది. రెండేళ్లూ వాళ్ల చుట్టరికం ఆ గదిలోనే గడిచింది. ఈ ఆషాఢంలో ఎలాగైనా మొక్కు తీర్చేయాలని అక్కడే అనుకున్నారు. ఎవరికి వారు ఇంట్లో "పేటోళ్లతో కలిసి ఎల్తన్నాను" అని చెప్పారు. మొక్కు తమ ప్రాణాల కోసమే కాబట్టి మొగుళ్లిద్దరూ వద్దనలేదు. కలిసి వెళ్తున్నది ఎవరో అడగలేదు.

ఓడ టికెట్లకే చేతిలో ఉన్నది సరిపోయింది. అందుకని కొనడం మానేసి వెతకడం మొదలుపెట్టారు. వలల గుడిసెలో, పడవ అడుగున, షాపులో కత్తెర కింద పడిన ముక్కల్లో, నడకకు ఏది పనికొస్తుందా అని చూశారు. బియ్యం బస్తా లోపల పెట్టి, చిరిగిన పడవ టార్పాలిన్ పైన వేసి సంచులు కుట్టారు. భుజాల పట్టీలు పాత లైఫ్ జాకెట్ల నుంచి ఊడదీసినవి. మిషను దారం ఆగదని పట్టీల మొదళ్లు కనకలక్ష్మి వల దారంతో చేత్తో కుట్టింది, ఒక్కో మొదలు నాలుగు వరసలు.

"ఇది తెగాలంటే మనం తెగాల," అంది చెల్లెలితో.

తొడలు ఒరుసుకోకుండా పాత పైజామాలు మోకాళ్ల దాకా కత్తిరించి చీర లోపలికి సిద్ధం చేశారు. చీరలు రెండేసి. తడిసినా వెంటనే ఆరే వాయిల్ చీరలు, మొక్కు చీరలని తెలియడానికి పసుపు నీళ్లలో ముంచారు. వానకు పాలిథిన్ పట్టాలో తల పట్టేంత చిల్లు. బొబ్బలకు సూది, దారం, మెత్తటి పాత ధోవతి పీలికలు, సీసాలో కొబ్బరి నూనె. బూట్ల దగ్గరే ఆగిపోయారు. చెప్పుల షాపతను ఆడవాళ్ల బూట్లు వాళ్ల దగ్గర మిగిలిన డబ్బుకు రావన్నాడు.

"మగాళ్లవి రెండు జతలున్నాయి దీదీ. లాస్ట్ పీస్ హై. కానీ బడా పడేగా."

"పెద్దయితేనే మంచిది భయ్యా," అంది కనకలక్ష్మి. "రెండు మేజోళ్లు తొడుగుతాం. నడుత్తుంటే కాళ్లు ఉబ్బుతాయి."

బయటికొచ్చాక ప్రమోద అక్కను అడిగింది. "బూట్లేసుకుని అప్పన్న కాడికి ఎల్తే పాపం కాదేటప్పా?"

"కొండ కాడ ఇప్పేద్దాం. అందాకా ఉన్నది తారు రోడ్డే కదే."

బూట్లు కాళ్లకు అలవాటు కావాలని కనకలక్ష్మి సంచి నిండా ఇసక సీసాలు పెట్టుకుని చాతం నుంచి మిడిల్ పాయింట్ దాకా రోజూ నడిచేది. ఎండ మెడను కాల్చేసింది. చేలల్లో పని చేసే ఆడవాళ్ల లాగా చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకోవాలని అప్పుడే తట్టింది. ఇంట్లో పెట్టె అడుగున మొగుడి చొక్కాలు రెండు దొరికాయి. ఒకటి పల్చబడిపోయింది. రెండోది నీలం గళ్లది, దళసరి నూలు, మెడ దగ్గర ఉప్పుకు వెలిసింది తప్ప గట్టిగా ఉంది. నాలుగు రోజులూ సముద్రంలో అతని ఒంటి మీద ఉన్నది అదే. మనిషి బతికొచ్చిన గుడ్డ కదా అని ఉతికి దాచింది. మంచిది చెల్లికివ్వాలనిపించి అదే ఇచ్చింది. ప్రమోద పక్కలు బిగించి, చేతులు మణికట్టు దాకా కత్తిరించుకుంది.

ఓడకు పద్దెనిమిది రోజులుందనగా, షాపుకు సెలవు రోజున, ప్రమోద సంచి ఇంటికి తెచ్చుకుంది. కన్నబాబు తెల్లారకముందే వేటకు వెళ్లాడు. అన్నీ నింపి, అన్నీ తొడుక్కుని, గదిలో అటూ ఇటూ నడుస్తూ పట్టీలు సరిచూసుకుంటోంది. పార్వతమ్మ గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు ఏరుతూ కోడలిని చూసి నవ్వుతోంది.

గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు పడవలు తిరిగొచ్చేశాయి. కన్నబాబు తల్లిని దాటుకుని లోపలికి వచ్చి, భార్య ఒంటి మీద చొక్కా చూసి ఆగిపోయాడు.

"ఈ సొక్కా నీకెక్కడిది?"

ప్రమోదకు అబద్ధం అందలేదు. "అప్ప ఇచ్చింది. నడకకి."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. ఆమె పడిపోయేదే కానీ అతను సంచి పట్టీలు పట్టుకుని నిలబెట్టాడు.

"ఇది ఏటో ఎరికేటే నీకు? మూడో రోజు పొద్దున్న మంచు పడింది. ఈ సొక్కా పిండుకుని తాగినాడు ఆడు. నా ముందరే. నాను నాలిక సాపినాను. కుక్కలాగ సాపినాను. ఇటు తిరిగి సూడనేదు."

ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. ప్రమోద రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చొక్కా లాగేయాలని చూశాడు, సంచి పట్టీల కింద చిక్కుకుని రాలేదు. పట్టీలు తెంపాలని చూశాడు. నాలుగు వరసల వల దారం తెగలేదు. ఆ పట్టీలే పట్టుకుని ఆమెను గిరగిర తిప్పి విసిరాడు. ఎడమ భుజం ద్వారబంధానికి తగిలింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అది పార్వతమ్మకు కూడా వినిపించింది.

ముసలామె పాకుతూ వచ్చి కొడుకు కాలు వాటేసుకుంది. "ఒగ్గీరా. ఒగ్గీ నాయినా. సచ్చిపోద్దిరా."

అతను ఆమెను గుమ్మం దాకా ఈడ్చుకుపోయి వదిలించుకున్నాడు. వెనక్కి వచ్చి, కత్తెరతో సంచి పట్టీలు కోసి, కదలలేక పడి ఉన్న భార్య ఒంటి నుంచి చొక్కా వలిచాడు. విరిగిన భుజం మీదుగా చెయ్యి లాగినప్పుడు ప్రమోద స్పృహ తప్పింది. కొబ్బరికాయలు కొట్టే కత్తిని ఆ చొక్కాలో చుట్టుకుని స్కూటరెక్కాడు.

చాతంలో కనకలక్ష్మికి ఫోను మోగింది.

"ఒత్తన్నాడే," అంది పార్వతమ్మ. "కత్తి అట్టుకుని ఒత్తన్నాడు. దీన్ని ఇరిసీసినాడు. తలుపేసుకో."

"ఊపిరుందా అత్తా?"

"ఉంది. నువ్వు తలుపేసుకోయే."

కనకలక్ష్మి తలుపు వేసింది, కానీ బయటి నుంచి. రాత్రి వేటకు వెళ్లొచ్చిన అప్పలకొండ లోపల ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. లేపితే ఇద్దరిలో ఒకరు చస్తారు. గొళ్లెం పెట్టి, అందులో పుల్ల దోపి, గోడకు ఆనించి ఉన్న తెడ్డు తీసుకుని వాకిట్లో నిలబడింది. మరిది తనను కొట్టడని నమ్మింది. పెళ్లైన కొత్తలో పద్నాలుగేళ్లవాడు, ఆమె చేతి అన్నం తిన్నవాడు.

కన్నబాబు స్కూటరు స్టాండు కూడా వెయ్యలేదు. అది పక్కకు పడిపోయి చక్రం తిరుగుతూనే ఉంది.

"వొదినా, తప్పుకో."

"నా చెల్లిని ఏటి సేసినావు?"

"తప్పుకోమన్నాను."

ఆమె తెడ్డు అడ్డం పెట్టింది. అతను కత్తిని చొక్కాలోంచి లాగి ఒక వేటు వేశాడు. తెడ్డుకు తగిలి జారి, ఆమె ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా చీల్చింది. నెత్తురు చూశాక కూడా ఆమెకు నొప్పి తెలియలేదు. మరిది కళ్లలోకి చూసింది. అక్కడ తనెవరో ఎరిగిన మనిషి లేడు.

ఈ లోపల అప్పలకొండ లేచాడు. తలుపు బాదాడు, రాలేదు. పక్క గోడ చెక్క పలకలను తన్నడం మొదలుపెట్టాడు. రెండు పలకలు ఊడి వాకిట్లో పడ్డాయి. లుంగీ మీద, చేతిలో ఏమీ లేకుండా, భుజాలు గీరుకుపోతూ ఆ సందులోంచి బయటికొచ్చాడు.

కన్నబాబు చొక్కా అన్న ముఖం మీదకు విసిరాడు.

"తాగినావా లేదా? ఊరందరూ ఇంటన్నారు. సెప్పు."

ఇరుగుపొరుగు కంచెల అవతల నిలబడ్డారు. ఎవరూ లోపలికి రాలేదు. అప్పలకొండ చొక్కాను చూశాడు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది, భార్య కూడా వింటుండగా చెప్పాడు.

"తాగినాను. నీకిత్తే నాను సచ్చిపోతాననుకున్నాను."

కన్నబాబు చేతిలో కత్తి కిందికి దిగింది. ఇంతకాలం కావలసిన మాట అదేనేమో, దొరికాక ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయాడు. అక్కడితో ఆగిపోయేది. కానీ అంత మాట ఒప్పుకున్నాక తమ్ముడి కళ్లముందు నిలబడడం అప్పలకొండ వల్ల కాలేదు. తల వంచుకుని దున్నపోతులా మీద పడ్డాడు.

ఇద్దరూ బట్టలుతికే రాయి దగ్గర పడ్డారు. కత్తి ఎగిరిపోయింది. అప్పలకొండ తమ్ముడి ఛాతీ మీద కూర్చుని గొంతు పట్టుకుని, తల ఎత్తి రాతికేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. ఏడుస్తూ కొడుతున్నాడు. రాతి మీద తడి కనబడింది. కన్నబాబు మడమలు మట్టిని తవ్వుతున్నాయి, ఆ తవ్వడం నెమ్మదించింది.

"ఒగ్గీ మావా," అంది కనకలక్ష్మి. అతనికి వినబడలేదు. మళ్లీ అంది. మూడోసారి అనలేదు. తెడ్డు రెండు చేతులా ఎత్తి మొగుడి వీపు మీద కొట్టింది. అతను తిరిగి చూడలేదు. భుజం ఎముక మీద కొట్టింది, బలమంతా పెట్టి. అతను పక్కకు ఒరిగి, ఊపిరి అందక నేల మీద చేప లాగా నోరు తెరిచాడు.

తమ్ముడు లేచాడు. ఎలా లేచాడో అక్కడున్నవాళ్లు తరవాత కూడా చెప్పలేకపోయారు. తల వెనక నుంచి నెత్తురు మెడ మీదికి కారుతుండగా, పాకి కత్తి అందుకుని, రెండు చేతులతో పైకెత్తి అన్న మీదికి నడిచాడు. కనకలక్ష్మికి ఆలోచించే వ్యవధి లేదు. నడుస్తున్న కాలును చూసింది. మోకాలి చిప్ప మీద తెడ్డు అంచుతో కొట్టింది. తెడ్డు విరిగింది. మోకాలూ విరిగింది. కన్నబాబు అరిచిన అరుపుకు చెట్ల మీది కాకులు లేచాయి.

మొగుడికీ మరిదికీ మధ్య ఆమె నేల మీద కూలబడింది, విరిగిన తెడ్డు వదలకుండా. అప్పుడు జనం లోపలికొచ్చారు.

పడవ లాగుతుంటే జారి పడ్డామని ఆసుపత్రిలో అన్నదమ్ములిద్దరూ చెప్పారు. మెట్లు జారానని ప్రమోద చెప్పింది. చేప కోస్తుంటే తెగిందని కనకలక్ష్మి. ఎవరూ నమ్మలేదు, అలాగే రాసుకున్నారు. అప్పలకొండకు భుజం ఎముక చిట్లింది, మూడు పక్కటెముకలు విరిగాయి. అవి అతుక్కుంటాయన్నారు. కన్నబాబు మోకాలు ముక్కలైంది. ఆపరేషను చేశారు. ఇక ఆ కాలు వంగదనీ, పడవ పని మానుకోవాలనీ డాక్టరు పార్వతమ్మతో హిందీలో రెండుసార్లు చెప్పాడు.

పది రోజులకు కనకలక్ష్మి ముంజేతి కుట్లతోనే ప్రోతరాపూర్ బస్సెక్కింది. ప్రమోద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి గుడ్డ ఉట్టిలో ఉంది. ముఖం మీద దెబ్బలు పసుప్పచ్చగా మారుతున్నాయి. అక్కను చూసి లేవలేదు.

"ఆడింక పడవెక్కడు," అంది.

"తెలుసు."

"నన్ను ఇరిసినోడి కాలు ఇరిసినానని సంబరపడుతున్నావేటి?"

"లేదే. ఆయన్ని సంపుతాడని కొట్టినాను."

"నీ మొగుడు బతికినాడు. నా మొగుడు మూల పడ్డాడు. కొట్టినోడు ఆడే, నాను ఎత్తుకుని మోయాల్సినోడూ ఆడే. నాను ఎక్కడికి పోవాల?"

పార్వతమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మధ్యా చెరో గ్లాసు టీ పెట్టింది. "నా కొడుకులిద్దరికీ ఊపిరుంది," అంది పెద్ద కోడలితో. "దాని కోసమే కదా మొక్కినారు. ఎల్లి తీర్చీసి రండి. ఆడిని నాను సూసుకుంటాను."

ప్రమోద గ్లాసు పక్కకు జరిపి అంది. "మొక్కు ఇద్దరిదీ. వొత్తాను. నీ పక్కన నడుత్తాను. నీతో మాటాడను."

కనకలక్ష్మి మూలన పడి ఉన్న సంచిని ఒళ్లోకి తీసుకుంది. పట్టీలు కోసేసి ఉన్నాయి. ఉన్నా ఆ భుజం మోయలేదు. పట్టీల ముక్కలు విప్పి, కలిపి, నడుముకు చుట్టే పట్టీ చేసింది. బరువు తుంటి మీద ఆగేలా సంచి పొట్టిగా కత్తిరించింది. సగం సామాను తన సంచిలోకి మార్చుకుంది. చొక్కా బదులు షాపు వాళ్లిచ్చిన తెల్ల గుడ్డతో, ఒంటిచేత్తో తొడుక్కునేలా ముందు భాగం మొత్తం తెరిచి, కట్టుకునే తాళ్లతో పొడుగు చేతుల జుబ్బా కుట్టింది. కొలతలకు ప్రమోద నిలబడింది. ముఖం గోడవైపు పెట్టుకుంది.

ఓడలో విశాఖపట్నం, అక్కణ్నుంచి రైల్లో సోంపేట, ఆటోలో బారువ. సముద్రానికి దండం పెట్టి నడక మొదలుపెట్టారు. ప్రమోద అన్నమాట ప్రకారమే మాట్లాడలేదు. మొదటి రోజు ఎండ, రెండో రోజు పొద్దున్నుంచీ వాన. పాలిథిన్ పట్టాలు కప్పుకుని హైవే అంచున ఒకరి వెనక ఒకరు నడిచారు. లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోయాయి. మోయని భుజం కూడా ప్రతి అడుగుకీ అదురుతుంటే ప్రమోద పళ్లు బిగించి, మూలుగు అక్కకు వినబడకూడదని ముందు నడిచేది.

మూడో రోజు టెక్కలి దాటాక ఒక బోరింగు దగ్గర ప్రమోద కుంటడం మొదలుపెట్టింది. కనకలక్ష్మి ఆగమంది. ఆగలేదు. నాలుగడుగులు వేసి గట్టు మీద కూలబడింది. కనకలక్ష్మి మోకాళ్ల మీద కూర్చుని బూటు విప్పింది. మేజోడు నెత్తుటితో అంటుకుపోయి ఉంది. నీళ్లు పోసి నానబెట్టి మెల్లగా లాగింది. మడమ మీద తోలు మేజోడుతో పాటు వచ్చింది.

ప్రమోద కుడిచేత్తో అక్క చెంప మీద కొట్టింది.

బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు బిందెలు వదిలి చూశారు. ప్రమోద మళ్లీ కొట్టింది. మళ్లీ. చెయ్యి నొప్పి పుట్టేదాకా, తన విరిగిన భుజం అదిరి తనకే అరుపు వచ్చేదాకా కొట్టింది. కనకలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టలేదు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు వచ్చింది. తుడుచుకోకుండా ధోవతి పీలికను నూనెలో ముంచింది.

"ఏటమ్మా అలా కొట్టుకుంటన్నారు, ఎవులు మీరు?" అంది అక్కడున్న ఒక పెద్దావిడ.

"అప్ప," అంది ప్రమోద రొప్పుతూ. "మా అప్ప."

కాలు ఎత్తి కనకలక్ష్మి ఒళ్లో పెట్టింది.